తలుపు వైపు వరుస

వాన పడుతూనే ఉంది, గొడుగు తిరగబడింది, చెప్పు తెగింది, అయినా ఆ పిల్ల మెట్లెక్కుతూనే ఉంది. ప్రార్థన మందిరం మేడ మీది గదిలో ఆ శనివారమే క్లాసు మొదలు. తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి అందరూ సర్దుకుని కూర్చున్నారు. తలుపు పక్కన ఒక్క కుర్చీ ఖాళీగా కనిపించింది. హమ్మయ్య అనుకుని అందులో కూలబడింది.

గదంతా ఘొల్లున నవ్వింది.

ఆ పిల్లను తెలిసినవాళ్లంతా చెవుల పిల్ల అంటారు. చెవులు పెద్దవని కాదు. చెవి మిషన్ల క్లినిక్కులో పని. వినపడనివాళ్లను అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, ఏ చప్పుడు అందుతోందో ఏది అందడం లేదో పరీక్ష చేస్తుంది. చెవిలో మెత్తటి ముద్ద పెట్టి అచ్చు తీస్తుంది. ఓపిక ఎక్కువ, నోరు కూడా తక్కువేం కాదు. అలాంటి పిల్లకి ఆ నవ్వెందుకో అంతు పట్టలేదు.

ఎదుటి వరుసలో, కిటికీ పక్కన చల్లగాలి తగిలేచోట దర్జాగా కూర్చున్న అబ్బాయి ముందుకు వంగాడు.

"పాపం, ఇంత వానలో తడుస్తూ వచ్చి మరీ దేవుణ్ణి వదిలేశారు," అన్నాడు.

"ఏమన్నారు?"

"మీరు కూర్చున్నది ఆయన లేడనేవాళ్ల వరుసండీ."

చెవుల పిల్ల ఉలిక్కిపడి లేవబోయింది. బల్ల దగ్గరున్న పెద్దాయన చేత్తో ఆపాడు. ఆయన వెనకటికి కోర్టులో పెద్ద వకీలు. ఇప్పుడు తాతయ్య వయసులో, విశ్వాసాన్ని తర్కంతో ఎలా నిలబెట్టాలో కుర్రకారుకు నేర్పుతున్నాడు. పాఠం చెప్పడం ఆయనకు రాదు, కేసు నడపడమే వచ్చు. అందుకని క్లాసును కూడా కోర్టులాగే పెట్టాడు.

"కూర్చో అమ్మాయ్. కిటికీ వైపు వరుస విశ్వాసం తరఫు. తలుపు వైపు వరుస ఎదుటి పక్షం. మొదటి రోజు ఎక్కడ కూర్చుంటే ఆఖరి రోజు దాకా అక్కడే. ఎదుటివాడి ప్రశ్న మన కడుపులోంచి రాకపోతే మన జవాబు వాడి చెవిలోకి పోదు."

"తాతగారూ, నేను వచ్చింది..."

"ఆగు. ఎందుకొచ్చావో, లోపల ఏం నమ్ముతావో, కోర్సు అయ్యేదాకా ఎవరూ ఎవరికీ చెప్పకూడదు. మెట్లు దిగాక కూడా చెప్పకూడదు. వకీలు సొంత నమ్మకం జడ్జికి అక్కర్లేదు. అది రెండో రూలు."

వాళ్ల నాన్న ఊరి అవతలి మందిరంలో సంఘ పెద్ద. ఊయలలో ఉన్నప్పటి నుంచి ప్రార్థన చేసిన పిల్ల ఇప్పుడు వారం వారం దేవుడు లేడని వాదించాలి. వాన వల్ల, తెగిన చెప్పు వల్ల.

"ఆలస్యంగా వస్తే ఇంతేనండీ," అన్నాడు కిటికీ అబ్బాయి. "నాస్తికులంతా ఆఖరి బస్సులోనే వస్తారు."

"ముందొచ్చి గాలి తగిలే కుర్చీ పట్టుకోవడం భక్తి అని నాకు తెలీదు లెండి," అంది ఆ పిల్ల.

ఈసారి గది అతన్ని చూసి నవ్వింది. అతను నవ్వలేదు. ఆ పిల్ల వంకే చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపు అక్కడ అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువసేపే నిలిచింది.

అతనిది ఇన్సూరెన్సు సర్వేయరు ఉద్యోగం. కొట్లు, గోడౌన్లు కాలిపోతే వెళ్లి బూడిదలో తిరిగి, నిప్పు దానంతటదే అంటుకుందా, ఎవరైనా అంటించారా అని తేల్చి చెప్పాలి. అబద్ధాన్ని వాసన పట్టడమే వృత్తి.

ఇంతకీ ఆ పిల్ల క్లాసుకెందుకొచ్చిందో చెప్పాలి. ఒక రోజు క్లినిక్కుకు పుట్టుచెవుడున్న పసివాణ్ణి ఎత్తుకుని ఒక తల్లి వచ్చింది. పరీక్షలన్నీ అయ్యాయి. ఏ మిషనూ పనికిరాదని తేలింది. ఆ తల్లి ఏడవలేదు. "అందరి మొరా వింటాడంటారే మీవాళ్లు. మరి నా బిడ్డకి వినే చెవి ఎందుకివ్వలేదమ్మా?" అని అడిగింది. చెవుల పిల్ల టిష్యూ డబ్బా ముందుకు జరిపి, తరవాతి నంబరు పిలిచింది. ఆ ప్రశ్నకు జవాబు నేర్చుకుందామనే ఈ మెట్లెక్కింది. తీరా ఎక్కితే ఇదీ వరస.

* * *

వారాలు గడిచాయి. చెప్పుకుంటే వింతగానే ఉంటుంది గానీ, ఆ పిల్ల ఆ కుర్చీలో చెలరేగిపోయింది.

"మీ ప్రభువు చనిపోయి లేచాడంటారే, ఆ ఖాళీ సమాధి గురించి సువార్తల్లో నలుగురు రాశారు. ఒకరు ఒక్క దూత అంటారు, ఇంకొకరు ఇద్దరంటారు. వెళ్లిన ఆడవాళ్ల లెక్కా కలవదు. మాట కలవని సాక్షుల్ని మీ ఇన్సూరెన్సులో ఏం చేస్తారు సర్వేయరు గారూ?"

"నమ్ముతామండీ," అన్నాడతను.

"నమ్ముతారా?" అంది ఆ పిల్ల.

"కొట్టు కాలితే నలుగుర్ని అడుగుతాను. నలుగురూ ఒకటే మాట, అదే వరసలో చెప్పారనుకోండి, అక్కడే ఆగిపోతాను. కూర్చుని బట్టీ పట్టి వచ్చారన్నమాట. నిజంగా చూసినవాళ్లలో ఒకడు పొగ ముందంటాడు, ఒకడు మంట ముందంటాడు. కొట్టు కాలిందన్న మాట మాత్రం నలుగురూ అంటారు. వాళ్ల తేడాలే వాళ్ల నిజాయితీ."

వకీలు తాతగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకు నచ్చితే చేసే పని అదే.

క్లాసయ్యాక ఇద్దరిదీ ఒకటే బస్ స్టాపు. ఆ షెల్టరు పైరేకుకు చిల్లులు. వాన పడితే తడవని చోటు ఒక్కటే ఉంటుంది, అది ఒకరికే సరిపోతుంది, ఇద్దరూ అందులోనే నిలబడతారు.

"నాస్తికురాలు గారూ, మీ భుజం మీద నీళ్లు కారుతున్నాయి. ఇటు జరగండి."

"జరిగితే మీ పవిత్రత చెడిపోదా పాస్టరు గారూ?"

"చెడితే చెడనీండి. మిమ్మల్ని మార్చి తీసుకుపోతే ఆ పాపం కొట్టేస్తారు."

"నన్ను మార్చడం మీ తరం కాదు."

"మారొద్దులెండి," అన్నాడతను మెల్లగా. "ఇలాగే ఉండండి."

ఆ మాట ఆ పిల్లకు గుచ్చుకున్నట్టూ అయింది, గుండెలో బెల్లం ముక్క పడ్డట్టూ అయింది. ఇంత విశ్వాసం ఉన్న మనిషి, దేవుడు లేడనే అమ్మాయిని ఇలాగే ఉండమంటాడేమిటి? నోరు విప్పి, అయ్యా నేనూ మీదాన్నే అని చెప్పేద్దామనుకుంది. రూలు గుర్తొచ్చి మింగేసింది. ఇలాంటి మనిషైతే నాన్న ఎగిరి గంతేసి ఒప్పుకుంటాడని మాత్రం అప్పుడే లోపల లెక్క కట్టుకుంది.

నాన్న సంగతి అలా ఉంచండి. ఆయనది డ్రైవింగు స్కూలు. నేర్చుకునేవాడి పక్కన కూర్చుని, తన కాలి కింద వేరే బ్రేకు పెట్టుకుని బతికిన మనిషి. ఇంట్లో నడిచినా కుడికాలు నేలను తొక్కుతూనే ఉంటుంది. ఒక సాయంత్రం ఆయన వంటింటి వైపు వస్తుంటే లోపల కూతురి గొంతు.

"దేవుడు లేడనడానికి నా దగ్గర గట్టి కారణాలున్నాయి. అసలు ఉన్నాడని ఎవరు చూశారు?"

ఆయన గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. చేతిలోని మంచినీళ్ల గ్లాసు జారి కిందపడింది. తొంగి చూస్తే కూతురు గిన్నెలు తోముతూ, గరిటె ఎత్తి గోడతో వాదిస్తోంది.

"అమ్మలూ, ఏమైందే నీకు?"

"హోంవర్కు నాన్నా."

"ఇదేం హోంవర్కే తల్లీ, సువార్త నేర్చుకోమని పంపితే."

అమ్మ కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే అంది. "మీరు క్లచ్ తొక్కమంటే మీ స్టూడెంట్లు ముందు గేటును గుద్దరా. అలాగే. నేర్చుకుంటోంది, ఊరుకోండి."

సంగతంతా విన్నాక ఆయన గుండె కుదుటపడింది. ఎదుటి వరుస అబ్బాయి చెప్పే జవాబులు కూతురి నోట విని విని మురిసిపోయాడు. "అబ్బాయి ఎవరోగానీ వజ్రం," అని తెలిసినవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

ఇలా ఉండగా ఒక శనివారం వకీలు తాతగారు, "అమ్మాయ్, ఇవాళ పుస్తకాల్లోది వద్దు. నిన్ను నిద్రపోనివ్వనిది అడుగు," అన్నాడు.

ఆ పిల్ల లేచి నిలబడింది. పసివాడి గురించి చెప్పింది. ఆ తల్లి అడిగిన మాట అడిగినట్టే అడిగింది.

అందరూ కిటికీ వైపు చూశారు.

"నాకు తెలీదండీ," అన్నాడతను.

అన్ని వారాల్లో అతను ఓడిపోవడం అదే మొదలు. గెలిచిన పిల్లకేమో గెలుపు రుచించలేదు. అతను ఓడిపోవాలని కాదు కదా తను అడిగింది.

* * *

మరుసటి వారం క్లినిక్కుకు ఒకావిడ వచ్చింది. నెరిసిన జుట్టు, నవ్వు ముఖం, ప్రతి మాటకీ "ఆఁ?" అనడం. అద్దాల గది చూడగానే బెదిరిపోయింది.

"ఇందులో తలుపేస్తారా అమ్మా? నాకు ఊపిరాడదు. ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుంటాను."

"రండమ్మా, కలిసి చేసుకుందాం," అని చెవుల పిల్ల ఆవిడ చేతులు పట్టుకుని తనే ప్రార్థన చేసింది. ఆవిడకు సగం వినపడలేదు, అయినా కళ్లు తుడుచుకుంది.

పరీక్ష అయింది. మిషను పెట్టి సరిచేస్తుంటే ఆవిడకు ఫ్యాను చప్పుడు, బయట బస్సు హారను, అన్నీ ఒక్కసారి వినిపించి బిత్తరపోయింది. తేరుకుని, ముందు ఆ పిల్ల నాన్నెవరో అడిగి తెలుసుకుని, మాటల మూట విప్పింది.

"మా అబ్బాయే పంపాడమ్మా, ఇక్కడ ఒకమ్మాయి బాగా చూస్తుందని. మంచివాడే. ఒకటే దిగులు నాకు, వాడు దేవుణ్ణి నమ్మడు."

"ఏం చేస్తారమ్మా మీ అబ్బాయి?"

"ఇన్సూరెన్సు. కాలిపోయిన కొట్లు చూస్తాడు."

చెవుల పిల్ల చేతిలోని చిన్న స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

"నేను రోజూ చెప్పి చెప్పి పోరు పెడుతున్నానని, మీ వాదనలన్నీ నేర్చుకుని ఒక్కొక్కటీ విరగ్గొట్టి చూపిస్తానన్నాడు. ఏదో క్లాసులో చేరాడు. అక్కడేమో ఈయన గాలి కోసం కిటికీ పక్కన కూర్చున్నాట్ట, తీసుకెళ్లి దేవుడి తరఫున పడేశారట. నవ్వాలో ఏడవాలో తెలీదు నాకు. ఇంకా చెప్పనా, ఆ క్లాసులో ఎవరో పిల్ల ఉందిట. అచ్చం తనలాగే దేన్నీ నమ్మదుట. అలాంటి పిల్ల కోసమే ఇన్నాళ్లూ చూశానమ్మా అంటాడు. నా నెత్తిన పిడుగు పడ్డట్టయిందనుకో."

పిడుగు పడింది ఆవిడ నెత్తిన కాదు. ఆ పిల్ల కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. సాక్షుల గురించి అంత మాట్లాడిన మనిషి నమ్మడా? నమ్మకపోగా, తను కూడా నమ్మదనే తనను మెచ్చాడా?

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. సర్వేయరు అబ్బాయి, చేతిలో తల్లి గొడుగు, ముఖంలో దొరికిపోయిన దొంగ నవ్వు.

"అమ్మను చూశారా? నేనే పంపాను లెండి," అన్నాడు.

"ఒరేయ్, ఎంత మంచి పిల్లరా. నా చేతులు పట్టుకుని ఎంత చక్కగా ప్రార్థన చేసిందనుకున్నావు. వాళ్ల నాన్న సంఘ పెద్దట."

అతని నవ్వు అక్కడే గడ్డకట్టింది. ఆవిడ ఒకసారి కొడుకును, ఒకసారి ఆ పిల్లను చూసింది. మిషను కొత్తది, బాగా పనిచేస్తోంది, అయినా ఆ గదిలో ఆవిడకు వినపడ్డానికి ఒక్క మాట లేదు.

* * *

అతన్ని క్లినిక్కు మెట్ల దగ్గర నిలబెట్టి అడిగింది ఆ పిల్ల.

"ఇన్ని వారాలు నన్ను మోసం చేశావు."

"నేనా? దేవుడు లేడని నా ముఖం మీద కేకలేసింది ఎవరు?"

"అది కుర్చీ."

"నాదీ కుర్చీయే."

ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడలేదు. అదే వాళ్ల ఖర్మ. గొడవ పడదామంటే పట్టు దొరకడం లేదు.

"నువ్వు నాలాంటిదానివనుకున్నాను," అన్నాడతను. "మా ఇంట్లో ఒంటరిగా ఉంటుంది నాకు. ఒక్క మనిషి దొరికిందనుకున్నా."

"నాకూ దొరికాడనే అనుకున్నాను."

అతను చప్పున తలెత్తాడు. "దీనికింత రాద్ధాంతమెందుకు? నమ్ముతున్నానని చెప్పేస్తా. మీ నాన్నగారు ఏ మూల నుంచి అడిగినా జవాబు చెప్పగలను. ఎవరూ పట్టుకోలేరు."

ఆ పిల్ల వెళ్లబోయినదల్లా వెనక్కి తిరిగింది.

"నువ్వు చేసేది దొంగ క్లెయిములు పట్టుకునే ఉద్యోగం. నన్ను మాత్రం ఒకటి కళ్లు మూసుకుని పాస్ చెయ్యమంటున్నావు, అంతేనా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి.

"నాకు నువ్వు కావాలి," అంది ఆ పిల్ల. ఆ మాట తన నోటి నుంచి అంత తేలిగ్గా వచ్చినందుకు తనే అదిరిపడింది. "కానీ నాకోసం ఆయన దగ్గరికి వచ్చినట్టు నటించేవాడు వద్దు. రోజూ భోజనానికి ముందు నువ్వు కళ్లు మూసుకుంటే, లోపల ఏముందో అని నేను జీవితాంతం ఒక కన్ను తెరిచి చూసుకోవాలి. నావల్ల కాదు."

* * *

ఆఖరి శనివారం వచ్చింది. నాన్న పిలవకుండానే క్లాసుకు వచ్చేశాడు. వజ్రం లాంటి అబ్బాయిని కళ్లారా చూడాలని ఇస్త్రీ చొక్కా కూడా వేసుకున్నాడు. నాన్నా వద్దు అని ఆ పిల్ల ఎన్ని సైగలు చేసినా ఆయన చిరునవ్వుతో చెయ్యి ఊపుతాడే గానీ కదలడు.

అతను ఆ రోజు బాగా మాట్లాడాడు. అంతకు ముందెప్పుడూ అంత బాగా మాట్లాడలేదు.

"ఖాళీ సమాధిని ముందు చూసింది ఆడవాళ్లని రాశారు. ఆ రోజుల్లో ఆడవాళ్ల సాక్ష్యానికి విలువ తక్కువ. కథ అల్లేవాడు ముందు ఏం చేస్తాడు? నలుగురూ నమ్మే సాక్షిని చూసుకుంటాడు. నా దగ్గరికొచ్చే దొంగ క్లెయిములన్నిట్లో సాక్షులు పెద్దమనుషులే. ఎవరూ లెక్కచెయ్యని మనిషిని సాక్షిగా తెచ్చాడంటే, వాడికి వేరే దారి లేదన్నమాట. జరిగింది అదే కాబట్టి."

నాన్న ఆగలేకపోయాడు. లేచి అందరి ముందూ అతని భుజాలు పట్టుకున్నాడు. "బాబూ, నాకు ఒక్కతే కూతురు. అదిగో, ఆ తలుపు దగ్గర కూర్చుంది. నీలాంటి విశ్వాసి అల్లుడుగా దొరికితే నాకింకేం కావాలి?"

గది చప్పట్లు కొట్టింది. చెవుల పిల్ల మాత్రం నేలలోకి కుంగిపోయింది. ఇప్పుడు అతను ఊరికే ఉంటే చాలు. నోరు మూసుకుని తలూపితే చాలు, అన్నీ అయిపోతాయి. తను కాదనగలదా? ఇంత కోరికను పెట్టుకుని అందరి ముందూ లేచి నిలబడగలదా? తనను తను నమ్మలేకపోయింది.

అతను నాన్న చేతులు మెల్లగా దించాడు.

"అంకుల్, నేను నమ్మను."

చప్పట్లు ఎక్కడివక్కడ ఆగాయి. నాన్న కుడికాలు నేలను గట్టిగా తొక్కింది.

"నమ్మనివాడివి ఇంత బాగా ఎలా చెప్పావు?"

"చెప్పినవాటిలో తప్పు లేదు కనక. విరగ్గొడదామనే వచ్చాను. ఒక్కటీ విరగలేదు. వాదన నిలబడింది, నేనే ఇంకా నిలబడలేదు. మీ అమ్మాయి అడిగిన ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయాను."

"అది మా అమ్మాయి ప్రశ్న కాదు, ఆ వరుసది."

"నాదే నాన్నా," అంది ఆ పిల్ల లేచి. "నేను నిజంగానే అడిగాను. రోజూ ప్రార్థనలో అదే అడుగుతున్నాను."

సంఘ పెద్ద కూర్చుండిపోయాడు. విశ్వాసి అనుకున్నవాడు కాదు. తన కూతురి గుండెలో ముల్లు ఉంటే తనకు తెలీదు. జేబురుమాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"నమ్మనివాడికి పిల్లనివ్వలేను బాబూ. నువ్వు అబద్ధం చెప్పి ఉంటే సంతోషంగా ఇచ్చేసేవాణ్ణి. అది తలుచుకుంటేనే చెమటలు పడుతున్నాయి." లేచి అతని చెయ్యి పట్టుకున్నాడు. "మా ఇంటి తలుపు మాత్రం నీకు మూసెయ్యను. ఏదైనా అడగాలనిపిస్తే నా దగ్గరికి రా."

మెట్లు దిగుతూ అతను ఆ పిల్లతో అన్నాడు. "స్థలం చూడకుండా నేను రిపోర్టు రాయను. ఆ తల్లి ఇల్లెక్కడ?"

ఇద్దరూ వెళ్లారు. చిన్న ఇల్లు, ఆరేసిన బట్టలు. పసివాడు నేల మీద కూర్చుని రెండు మూతలు కొట్టుకుంటున్నాడు, ఆ చప్పుడు వాడికి తప్ప అందరికీ వినపడుతోంది. చెవుల పిల్ల తడబడుతూ, మీరడిగినదానికి ఇన్నాళ్లూ చదివానని, ఇంకా జవాబు దొరకలేదని చెప్పింది.

ఆ తల్లి ఆశ్చర్యంగా చూసింది. "నేనడిగినదానికి చదువుకున్నావా? జవాబు చెబుతావని అడగలేదమ్మా నేను. కాసేపు నా పక్కన కూర్చుంటావేమోనని అడిగాను."

ఆ పిల్లకు చెంప మీద కొట్టినట్టయింది. ఆవిడ పక్కన చాప మీద కూర్చుంది. అతను పసివాడి ముందు చతికిలబడి, మూత ఒకటి అడిగి తీసుకున్నాడు. పొద్దు వాలేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.

బస్సు ఎక్కే ముందు అతను, "ఇంక నేను ఫోను చెయ్యను. చేస్తే నీకోసం ఆలోచిస్తున్నానో నిజం కోసం ఆలోచిస్తున్నానో నాకే తెలీదు," అన్నాడు. ఆ పిల్ల తలూపింది. బస్సు వెళ్లిపోయాక ఏడ్చింది.

* * *

వానలు వెళ్లి ఎండలొచ్చాయి. ఫోను రాలేదు. చెవుల పిల్ల సెలవు రోజుల్లో ఆ పసివాడి ఇంటికి వెళుతూ, చేతులతో మాట్లాడడం తనూ నేర్చుకుంటోంది. ఒక సాయంత్రం నాన్న గొంతు సవరించుకుని, "అమ్మలూ, ఆదివారం ఒక కుటుంబం మన ఇంటికి వస్తోంది. అబ్బాయి మంచి విశ్వాసి. చూసి మాట్లాడు," అన్నాడు. ఎవరని అడగడానికి కూడా ఆ పిల్లకు మనసొప్పలేదు. అమ్మ కుట్టుమిషను మాత్రం ఆ సాయంత్రం మరీ హుషారుగా తిరిగింది.

శుక్రవారం సర్వేయరు తల్లి మిషను శుభ్రం చేయించుకోవడానికి క్లినిక్కుకు వచ్చింది. కూర్చుంటూనే నిష్ఠూరం.

"ఏమ్మా, మా వాడి బాప్తిస్మానికి రాలేదేం?"

"ఎవరి బాప్తిస్మం?"

"ఇంకెవరిది, మా వాడిదే. అయి నెల దాటింది. నీళ్లలోంచి లేచినప్పుడు వాడి ముఖం చూడాల్సింది నువ్వు." ఆవిడ ఆగి, నోటి మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, నీకు చెప్పొద్దన్నాడు కాబోలు."

మిషను ఆవిడ చేతిలో పెట్టి, కోటు విప్పి, చెవుల పిల్ల రోడ్డు మీదికి పరుగెత్తింది. ఆఫీసులో అడిగితే కాలిపోయిన రంగుల కొట్టు దగ్గరున్నాడన్నారు. అక్కడికి వెళితే, నల్లటి గోడల మధ్య, మోకాళ్ల మీద కూర్చుని స్విచ్ బోర్డు బూడిదను గరిటెతో గీకుతున్నాడు. ముఖమంతా మసి. కళ్లు మాత్రం తెల్లగా పైకి లేచి, ఆ పిల్లను చూసి గుండ్రమయ్యాయి.

"నెల దాటిందట. నాకెందుకు చెప్పలేదు?"

"నీకోసమే అనుకుంటావని. కొన్నాళ్లు నువ్వు లేకుండా నిలుస్తుందో లేదో చూసుకుందామని."

"ఆ ప్రశ్నకు జవాబు దొరికిందా?"

"లేదు." అతను గరిటె పక్కన పెట్టాడు. "ఇప్పటికీ లేదు. కానీ ఆ ఇంటి నుంచి వచ్చాక మళ్లీ మొదటి నుంచి చదివాను. సిలువ మీద ఆయన కూడా అదే అడిగాడు. తండ్రి తనను ఎందుకు వదిలేశాడని. పై నుంచి ఒక్క మాట రాలేదు. దేవుడి కథ అల్లేవాడు ఆయన నోట ఆ కేక పెడతాడా చెప్పు? ఎవరికీ పనికిరాని సాక్ష్యం అది. ఆ తల్లి పక్కన ఎవరైనా కూర్చున్నారంటే అది ఆయనే అనిపించింది. రిపోర్టు మూసేశాను."

ఆ పిల్లకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అంతలో ఆదివారం గుర్తొచ్చి ప్రాణం పోయినంత పనయింది.

"అయ్యో, నాన్న ఎవరినో పిలిచాడు. ఆదివారం వస్తున్నారు."

"తెలుసు."

"తెలుసా?"

"వచ్చేది అమ్మా నేనూ." అతను మసి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "మీ నాన్నగారు బాప్తిస్మానికి వచ్చారు. అంతకు ముందు కూడా ఎన్ని సాయంత్రాలు నాతో కూర్చున్నారో. నేనే చెప్పొద్దని బతిమాలాను."

స్పెషల్ క్లాసుందని నాన్న వెళ్లిన సాయంత్రాలన్నీ ఆ పిల్ల కళ్ల ముందు తిరిగాయి. కడుపులో మాట దాచలేడని పేరుపడ్డ మనిషి. అమ్మ కూడా. ఇంటిల్లిపాదీ కలిసి తనకు తెలీకుండా ఇంత పని చేశారు.

"ఆదివారం రావద్దు," అంది.

అతని ముఖంలో మసి కింద రంగు పోయింది. "ఎందుకు?"

"ఇన్నాళ్లు ఆగాను. ఇంక ఆగను. ఇవాళే రా, ఇప్పుడే."

"ఇలాగా?"

"ఇలాగే."

కొట్టు యజమాని గుమ్మంలోంచి తొంగిచూసి, "బాబూ, నా వైరింగు సంగతి తేల్చి వెళ్లండి," అన్నాడు.

"వైరింగే అంటుకుందండీ, మీ తప్పేం లేదు. అలాగే రాస్తాను," అన్నాడు సర్వేయరు, ఆ పిల్ల వంక నుంచి చూపు తిప్పకుండానే.

ఆ సాయంత్రం నాన్న తలుపు తీసేసరికి, గుమ్మంలో తల నుంచి కాలి దాకా నల్లగా ఒక మనిషి, పక్కన ఒక చెంప మీద నల్లటి అయిదు వేళ్ల గుర్తుతో తన కూతురు. ఆయన కుడికాలు నేలను తొక్కి పట్టింది.

లోపల కుట్టుమిషను ఆగింది. అమ్మ వచ్చి ఆయన భుజం మీంచి చూసింది, కాస్త తేరిపార చూసింది.

"ఆదివారం వాళ్లు ముందే వచ్చినట్టున్నారు. పక్కకు జరగండి, అబ్బాయికి సబ్బు తెస్తాను," అంది.